సుల్తాను ఏనుగు: ఆవిరియుగ చరిత్రకు వీధినాటక రూపము

నాటకమునకు రంగస్థలము ప్రాణమని యందురు. కాని రంగస్థలమే లేని నాటకములు మన దేశమున నెన్నియో గలవు. వీధిభాగవతులు చావడి యెదుట కాగడాలు వెలిగించిన నదియే రంగస్థలము. ఉత్సవమూర్తి వెంట నడచు జనులలో ప్రేక్షకు డెవడో, పాత్రధారి యెవడో విడదీయుట కష్టము. ఇట్టి సంప్రదాయములలో పెరిగిన తెలుగువారికి, ప్రేక్షకుని కుర్చీనుండి లేపి నాటకములోనికి నడిపించుకొనిపోవు పాశ్చాత్య నవీనప్రయోగము అంతగా వింతగొల్పదు. వింతగొల్పునది వేఱొకటి కలదు. ఆ ప్రయోగములలో నొక తెగ పందొమ్మిదవ శతాబ్దపు ఆవిరియంత్రములను, ఇత్తడిగొట్టములను, పండ్లచక్రములను మరల బయటికి తీసి, జరిగిన చరిత్రకు మాఱుగా జరుగని చరిత్రను నడివీధిలో నడిపించుచున్నది.

ఈ తెగకు 'స్టీమ్‌పంక్' అని పేరు. అమెరికా రచయిత కె. డబ్ల్యు. జీటర్ 1987లో ఒక పత్రికకు వ్రాసిన లేఖలో, సగము పరిహాసముగా, ఈ మాటను పుట్టించెను. ఆవిరితో నడచు యంత్రములే నేటికిని లోకము నేలుచున్నట్లు ఊహించుట దీని మూలసూత్రము. జూల్ వెర్న్, హెచ్. జి. వెల్స్ ఈ శాఖకు మూలపురుషులుగా ఎన్నబడుచున్నారు. వారు తమ కాలమున నిలిచి భవిష్యత్తు నూహించిరి. వీరు ఆ భవిష్యత్తును గతముగా ఊహించుచున్నారు. ఈ రెండు ఊహలకును నడుమ ఏమి జారిపోయినదో చూచుటయే విమర్శకుని పని.

ఇందులకు తగిన ఉదాహరణము ఫ్రాన్సు దేశమున దొరకును. 2005వ సంవత్సరము జూల్ వెర్న్ మరణించిన నూఱవయేడు. ఆయన 1828లో జన్మించిన నాంత్ నగరమును, 1905లో కన్నుమూసిన ఆమియేన్ నగరమును ఆ స్మృతికై ఒక మహాప్రదర్శనమును కోరినవి. కూర్చినది 1979లో స్థాపితమైన 'రోయాల్ ద లూక్స్' అను వీధినాటక సమాజము. దర్శకుడు జాఁ-లుక్ కుర్కూల్. యంత్రములను రూపొందించినవాడు ఫ్రాన్స్వా దెలారోజియేర్. 1993లో ల హావ్ర్ రేవుపట్టణమున ఆకాశమునుండి పడిన రాక్షసకాయుని కథతో ఈ సమాజము తన బృహద్బొమ్మల పరంపరను మొదలిడినది. వెర్న్ స్మృతికై తయారైన ప్రదర్శనము పేరు సుమారుగా 'కాలయానము చేయు ఏనుగుపై ఇండియా సుల్తాను రాక' యగును. నాంత్, ఆమియేన్ నగరముల పిమ్మట 2006 మే నెలలో అది లండనునకు వచ్చి, 4వ తేదీ మొదలు 7వ తేదీ వఱకు నగరమధ్యమున నాలుగు దినములు నడచినది. టిక్కెట్టు లేదు. దాదాపు పదిలక్షలమంది చూచిరని ఆనాటి అంచనా.

కథ చిన్నది. 1900లో ఇండియా సుల్తాను నొకనిని కలలో ఒక చిన్నపిల్ల వేధించుచుండును. ఆమె కాలమున ఇటునటు తిరుగుచుండునని గ్రహించి, ఆమెను వెదకుటకై కాలయానము చేయగల ఏనుగును నిర్మింపుమని ఆయన ఒక ఇంజనీరు నాజ్ఞాపించును. ఒక యుదయమున నగరవాసులు లేచి చూచుసరికి వాటర్లూ ప్లేసులో బాట పగిలి, ఆకాశమునుండి పడినట్లు ఒక కొయ్య రాకెట్టు నేలలో గ్రుచ్చుకొని యుండును. అందుండి మనిషికి మూడింతల యెత్తుగల బాలిక వెలువడును. వేఱొకచోట నలువది టన్నులు మించిన ఏనుగు చెవులల్లార్చుచు, తొండముతో జనులపై నీరు చిమ్ముచు నిలిచియుండును. ఇరువురును వీధుల వెంట తిరుగుదురు, కలిసికొందురు, నిద్రింతురు. కడపట బాలిక రాకెట్టులో నెక్కి మాయమగును. ఇంతియే. సంభాషణలతో నడచు నాటకము గాదు. నాయకుని పతనము లేదు, శిక్ష లేదు.

ఇంత తేలిక కథ జనులను నాలుగు దినములు ఎట్లు పట్టి యుంచినది? దానికి సమాధానము యంత్రమునందు గలదు. ఈ బొమ్మలను ఆడించువారు మఱుగున నుండరు. ఎఱ్ఱని దుస్తులు ధరించినవారు బాలిక త్రాళ్లను పట్టుకొని, పైనుండి దుమికి తమ బరువుతో ఆమె కాలు లేపుట అందఱకును కనబడుచునే యుండును. ఏనుగు ఒడలంతయు ఇరువదిమందికి పైగా మనుష్యులు మీటలు త్రిప్పుచుందురు. అది బొమ్మ యని, ఇది త్రాడని, వాడు మనిషియని తెలిసియు, బాలిక ఱెప్ప వాల్చినపుడు ముసలివారు సైతము ఊపిరి బిగబట్టిరి. కళాసిద్ధి యనదగినది ఇదియే. దాచిపెట్టి భ్రమ కల్పించుట సామాన్యమైన విద్య. విప్పిచూపి భ్రమ కల్పించుట అసామాన్యము.

మన తోలుబొమ్మలాటను తలచుకొన్న ఈ భేదము స్పష్టమగును. ఆంధ్రదేశపు తోలుబొమ్మలలో కొన్ని మనిషి యెత్తువఱకు నుండును. ఆడించువారు తెర వెనుక నుందురు. దీపకాంతిలో బొమ్మ నీడ మాత్రము కనబడును. ఐనను పాట వారిది, మాట వారిది, యుద్ధఘట్టమున కాలిక్రింది పలకలను త్రొక్కు మ్రోత వారిది; శరీరము మఱుగుపడినను శ్రమ వినబడుచునే యుండును. సూత్రధారు డను మాటలోనే త్రాడు కలదు. కర్ణాటకమునను తమిళదేశమునను వలస నిలిచిన బొమ్మలాట కుటుంబములలో కొన్ని నేటికిని మరాఠీ వంటి తమ యింటిభాషతోపాటు చుట్టుపట్టుల భాషలో ఆట నడుపును. అచ్చట తెర గలదు, కాని ఎవరు ఆడించుచున్నారో ఊరంతయు ఎఱుగును. లండను వీధులలో తెర లేదు. ఆడించువారు కనబడుచున్నారు. ఐనను ఆ కథను ఎవరు ఆడించుచున్నారన్న ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

ఈ యేనుగు వెర్న్ కల్పనమే. ఆయన 1880లో ప్రకటించిన 'ఆవిరి యిల్లు' అను నవల మన దేశమున నడచును. కథాకాలము 1867; 1857 నాటి తిరుగుబాటు జరిగి పదియేండ్లు. బ్యాంక్స్ అను ఇంగ్లీషు ఇంజనీరు భూటాను రాజు కొఱకు ఆవిరితో నడచు ఉక్కుటేనుగును నిర్మించును. రాజు దాని నందుకొనక మునుపే మరణించును. ఏనుగు మరల ఇంజనీరు చేతికే వచ్చును. చక్రములపై నమర్చిన రెండిండ్లను లాగుకొని అది కలకత్తానుండి హిమాలయముల దిక్కునకు సాగును. ఆ యిండ్లలో ప్రయాణించువారిలో కర్నల్ మన్రో ఒకడు. కాన్పూరు మారణకాండలో తన భార్య హతురాలైనదని నమ్మి, నానాసాహేబుపై పగయే ఊపిరిగా బ్రతుకువాడు. కథాంతమున నానాసాహేబు పట్టుబడును. ఆతనిని ఉక్కుటేనుగు మెడకు బంధింతురు. ఆవిరి మితిమీఱి బాయిలరు ప్రేలును. ఏనుగును బందీయును ఒక్కసారే అంతరింతురు.

వెర్న్ మన దేశమున కెన్నడును రాలేదు. ఆయన చిత్రించిన ఇండియా పుస్తకములనుండి కూర్చినది. ఐనను ఆ కడపటి ఘట్టమున ఆయన, తలచియో తలపకయో, ఒక సత్యమును పలికెను. తిరుగుబాటు నణచునపుడు సిపాయీలను ఫిరంగిమూతులకు కట్టి ప్రేల్చిరి. నవలలో ఫిరంగికి బదులు బాయిలరు ఆ పని చేసినది. విహారమునకు పనికివచ్చిన యంత్రమే దండనమునకును పనికివచ్చినది. పుస్తకము పక్షపాతముతో కూడినదే. నానాసాహేబు అందు రాక్షసునివలెనే కనబడును. కాని ఆవిరియు సామ్రాజ్యమును ఒకే బండి కెక్కినవను సంగతిని అది దాచలేదు.

కుర్కూల్ ప్రదర్శనము దీనినంతయు తీసివేసినది. కాన్పూరు లేదు, పగ లేదు, ప్రేలుడు లేదు. ఏనుగు మిగిలినది, కల మిగిలినది. ఇట్లు తీసివేయుట నేరమని యనరాదు. పగతో నిండిన కథను పదిలక్షలమంది నడుమ నడిపింపుమనుట వివేకమును గాదు. పైగా, ఇందొక మంచి మార్పును గలదు. నవలలో భారతఖండపు రాజు యంత్రమును కోరి, దానిని చూడక చచ్చును. యంత్రము నేలువాడు ఇంగ్లీషువాడు. నాటకమున యంత్రము సుల్తానుది. ఇంజనీరు ఆజ్ఞ శిరసావహించువాడు. జరుగని చరిత్రను చూపు కళకు ఇదియే కదా బలము! జరిగినదానిని తలక్రిందులు చేసి, ఇట్లు జరిగియుండిన నేమగునని అడుగును.

కాని అడిగి, ఆ ప్రశ్నను అచ్చటనే విడిచిపెట్టినది. ఈ సుల్తాను ఏమి చేయును? కలగనును, విహరించును, పరివారముతో ఏనుగుపై కూర్చుండును. ఏ ఊరి సుల్తానో తెలియదు. ఏ భాష మాటాడునో తెలియదు. 1900లో మన దేశమున రాజు లుండిరి, కాని 'ఇండియా సుల్తాను' లేడు. కర్జను ప్రభువు వైస్రాయిగా నుండెను. 1899-1900 నాటి ఘోరమైన కఱవున పశ్చిమ మధ్యభాగములలో లక్షలకొలది జనులు మరణించిరి. ఆ యేటినే ఏఱికొని, దానిని పట్టుతలపాగాతో మాత్రము నింపుట ఊహ యనిపించుకొనదు, అలవాటు అనిపించుకొనును. ఐరోపా తన బాల్యకథలలో తూర్పుదేశమును ఏ రంగులతో వేసికొన్నదో ఆ రంగులే ఇచ్చటను గలవు. చరిత్రను తలక్రిందులు చేయబూనిన కళ చిత్తరువును మాత్రము ఉన్నచోటనే యుంచినది.

లండనులో ఏనుగు విడిది చేసిన హార్స్ గార్డ్స్ మైదానమును గూర్చి ఒక మాట. ఆ మైదానమునకు అనతిదూరముననే విదేశాంగశాఖ భవనము గలదు. అందొక భాగము ఒకప్పటి ఇండియా ఆఫీసు. మన దేశపు భూమిశిస్తు మొదలు రైలుదారులవఱకు లండనునుండి తీర్పులు వెలువడినది అచ్చటనుండియే. ఆ భవనము ప్రక్కన, మెట్లపైన, రాబర్టు క్లైవు విగ్రహము నేటికిని నిలిచి సెయింట్ జేమ్స్ పార్కు వైపు చూచుచున్నది. ప్రేక్షకుని నగరములోనికి దింపి నగరమునే రంగస్థలము చేయుదుమను నాటకమునకు ఇంతకంటె సిద్ధమైన రంగాలంకరణము దొరకునా? సుల్తాను ఏనుగు క్లైవునకు కూతవేటు దూరమున నిద్రించి, తెల్లవారి లేచి, ఆ దిక్కునకు తొండమైనను ఎత్తక వెడలిపోయినది. నాటకకర్తకు ద్వేషముండి కాదు. ఆ సంగతి తోచకపోవుటచేత. తోచకపోవుటయే ఇచ్చటి లోపము.

ఇక నాంత్ కథ. లండనులో నడచిన యేనుగు ప్రదర్శనము లైన పిదప విప్పివేయబడినది. 2007లో దెలారోజియేర్, పియేర్ ఓరెఫీస్ అనువారలు నాంత్ నగరమున లువార్ నదీద్వీపముపై వేఱొక ఏనుగును నిర్మించి నిలిపిరి. ఇది మొదటిదానికి అచ్చుప్రతి గాదు. ఎత్తు 12 మీటర్లు, పొడవు 21 మీటర్లు, బరువు దాదాపు 48 టన్నులు. ఒడలికి కొయ్య, ఎముకలకు ఉక్కు, చెవులకు తోలు. దాదాపు ఏబదిమంది దానిపై నెక్కి తిరుగవచ్చును, టిక్కెట్టు కొని. ఇది ఆవిరియుగపు జంతువేయైనను ఆవిరితో నడువదు. పుట్టినపుడు దాని కడుపులో నున్నది డీజిలు ఇంజను. తరువాత దానికి విద్యుత్తును జోడించిరి. కాళ్లు లేచి వాలుచుండును గాని బరువు మోయునవి చక్రములు. దీనిని మోసమని యెవరును అనరు. నాటకములో రాజు కిరీటము రేకుదని ఎవరు నిందింతురు? కాని బొగ్గు లేని, మసి లేని, బాయిలరు ప్రేలని ఆవిరియుగమని మాత్రము గుర్తుంచుకొనవలయును.

మొదటి యేనుగునకును రెండవదానికిని గల ముఖ్యమైన భేదమును విమర్శకులు చాలినంతగా గమనింపలేదు. రెండవ యేనుగుపై సుల్తాను లేడు. ఆయన కూర్చున్న చోట యాత్రికుడు కూర్చున్నాడు. తూర్పుదేశపు రాజు అను బొమ్మ తొలగినందులకు సంతసింపవచ్చును. కాని ఆయనతో కథయు దిగిపోయినది. మిగిలినది సవారి. 2005లో వీధిలో నిలిచిన ప్రతివాడును కథలో నొక పాత్రయే. ఇప్పుడు పైన ఏబదిమంది, క్రింద తక్కినవారు. ఒడిస్సాలోని తెలుగువా రెఱిగిన పూరీ రథము ఎత్తు 45 అడుగులు, అనగా ఈ యేనుగుకంటె ఒకింత హెచ్చు. దానిని లాగునది ఇంజను గాదు, జనుల చేతులు. ఏటేట క్రొత్తగా చెక్కుదురు, ఏటేట విప్పుదురు. భక్తి మాట అటుండనిండు. ప్రేక్షకుని ప్రదర్శనములో మునుగజేయుట యన నేమో తెలియగోరువారు ఆ మోకును పట్టిచూచిన చాలును. కుర్కూల్ తన ఏనుగును నాలుగు దినములకు మించి ఏ యూరనుండనీయక, తుదకు విప్పించుట ఈ ధర్మమునకు దగ్గఱగా నున్నది. శాశ్వతముగా నిలిపినపు డది వినోదశాల యైనది.

ఐతే నాంత్ ఏనుగునకు వినోదశాల యని పేరిడి విడిచిపెట్టుట న్యాయము గాదు. ఆ ద్వీపము ఓడలు కట్టిన చోటు. అచ్చటి కర్మాగారము 1987లో మూతపడినది. 'స్టీమ్‌పంక్' అను మాట పుట్టినదియు ఆ యేడే యగుట కాకతాళీయమే. ఓడలు కట్టిన పెద్దకొట్టములలోనే నేడు యంత్రజంతువులకు నీడ. 1954 నాటి పసుపుపచ్చని బరువెత్తు యంత్రము గట్టున అట్లే నిలిచియున్నది. ఉక్కు వంచుట, అతుకుట, కొయ్య చెక్కుట అను విద్యలు ఆ నేలపై మరల పనిలోనికి వచ్చినవి. కర్మాగారము పోయినచోట అంగడులో ఎత్తైన మేడలో మాత్రము వచ్చు నగరములు లోకమున కోకొల్లలు. అటులగాక పనిముట్టు చప్పుడు మిగిలిన నగరము మేలు. కొందఱు పూర్వపు ఓడకార్మికులు తమ జ్ఞాపకములను, చిత్తరువులను భద్రపఱచుటకు ఆ ద్వీపముననే, పాత కర్మాగార కార్యాలయభవనమున, ఒక గృహమును నెలకొల్పుకొనిరి. ఏనుగునకు నిలుచు వరుస పొడవెంతయో, ఆ గృహద్వారమున నిలుచు వరుస పొడవెంతయో పోల్చనక్కఱలేదు. కాని ఏనుగు కథలో ఆ కార్మికునికి ఒక పాత్ర నిచ్చియుండిన ఈ రెండు వరుసలును ఒకటి యయ్యెడివి.

తెలుగువారికి ఈ చర్చతో నేమి పని యను ప్రశ్న రాగలదు. పని కలదు. ఫ్రెంచివారు 'ఇండియెన్' అని పిలిచిన అద్దకపుబట్ట కోరమండల తీరమునుండి పోయినది. మచిలీపట్నపు కలంకారి అందొక ప్రసిద్ధభాగము. ఆ యూర ఫ్రెంచిపేట యను పేరు ఆ వర్తకమునకు గుర్తు. ఆ బట్టల ధాటికి తాళలేక 1686లో ఫ్రెంచి ప్రభుత్వము వానిని నిషేధించినది. 1759లో నిషేధము సడలినది. పిదప నాంత్ నగరమే అట్టి బట్టలను అద్దుకొనుటలో పేరుపొందినది. అవి యెవరికొఱకు? ఆఫ్రికా తీరమున మనుష్యులను కొనుటకు మారకముగా ఇచ్చుటకు. ఫ్రాన్సులోని రేవులన్నింటిలోను బానిసల వర్తకమున నాంత్ మొదటిది. వెర్న్ జన్మించిన ఫేదో ద్వీపపు మేడలు ఆ వర్తకుల సొమ్ముతో లేచినవే. కొన్ని మేడల గోడలపై ఆఫ్రికా ముఖములు చెక్కబడి నేటికిని కనబడును.

యానాం వారికి ఇంకను దగ్గఱి సంగతి యొకటి గలదు. 1828లో బూర్బోను ద్వీపమునకు, అనగా నేటి రెయూనియనునకు, ఒప్పందపు కూలీలుగా పోయిన తొలి భారతీయులు యానాం రేవునుండి వెడలిన తెలుగువారు. అది వెర్న్ పుట్టిన సంవత్సరమే. ఆ దీవిలో చెఱకుగానుగలకు ఆవిరియంత్రములు అప్పటికే వచ్చియుండెను. మొదటిది 1817లో నెలకొల్పబడినది. ఆవిరియుగము తెలుగువాని నెట్లు పలుకరించినదో తెలియవలెనన్న, ఆ గానుగ యొద్ద చెఱకు అందించినవానిని అడుగవలయును. ఏనుగు అంబారీలోని సుల్తానును గాదు. ఫ్రాన్సులోని నాటకకర్తకు ఆతడు తెలియకపోవుటలో వింత లేదు. తెలుగు బడిలో చరిత్రపాఠము చదువు బిడ్డకును ఆతడు తెలియకపోవుట వింత.

పిల్లలు నవ్వుకొను ఆటపై ఇంత భారము మోపుట తగునా యని కొందఱు అందురు. ఆటను ఆటగా విడువుమని వారి వాదము. కాని రామాయణమును తోలుబొమ్మలతో చూచి నవ్వుకొన్న పిల్లలే సీత యేడ్చినపుడు ఏడ్చిరి. బంగారక్క, కేతిగాడు వచ్చి నవ్వించినంతమాత్రమున యుద్ధకాండ తేలికపడలేదు. పిల్లలు భారము మోయలేరని పెద్దలు తమకు తామే నిర్ణయించుకొన్నచో ఆటయే చులకన యగును. కుర్కూల్ బొమ్మలకు ఆ భారమును మోయు శక్తి గలదు. పదిలక్షలమందిని మౌనముగా నిలుపగల బాలిక, కథయందు ఒక్క కూలివాని ప్రక్కన నిలిచియుండిన, ఆ మౌనమున కొక యర్థము వచ్చియుండెడిది.

నాంత్ వారు ఈ యంత్రకళను ఇంకను పెంచబూనిరి. 2012లో సముద్రజీవుల రంగులరాట్నము వచ్చినది. ఎత్తు 25 మీటర్లు, మూడంతస్తులు. తరువాత కొంగలతో కూడిన ఉక్కుచెట్టు నొకటి నిర్మింపదలచిరి. వ్యయము తొలి యంచనానుండి పెరిగి పెరిగి 80 మిలియను యూరోలు దాటునని తేలగా, 2022 సెప్టెంబరులో నగరపాలకులు ఆ తలంపును విడిచిరి. రంగులరాట్నము వెలసిన 2012లోనే ఆ నగరమున మఱియొక నిర్మాణము తెఱువబడినది. ఏనుగు నడచు ద్వీపమునకు నదీశాఖ అవ్వలిగట్టున, ఓడలు లంగరు వేసిన పాతరేవు వెంబడి, బానిసత్వనిర్మూలన స్మారకము. దాని యెదుట బాటలో రెండువేల గాజుపలకలు పొదిగిరి. వానిలో 1,700కు పైబడినవానిపై నాంత్ నుండి బానిసల కొఱకు వెడలిన ఓడల పేర్లు, తేదీలు చెక్కియున్నవి. తక్కినవానిపై ఆ యోడలు తాకిన రేవుల పేర్లు. ఆ పలకలు చిన్నవి. వంగి చూచిననే గాని చదువరావు. ఏనుగుపైనుండి చూచువారికి నది కనబడును, గట్టు కనబడును.